నాలుగో నంబరు చొక్కా

మా అక్క పాపాయమ్మ ఎవరినీ మొదటిసారికి నమ్మేది కాదు. కూరలమ్మి తూచి ఇస్తే, బేరం ముగిసినా కదలకుండా తక్కెడ పళ్ళెం అడుగున వేలు పెట్టి చూసేది. బస్సు ఇంకో ఐదు నిమిషాల్లో కదులుతుందని కండక్టరు అంటే, డ్రైవరు గ్లాసులో టీ ఎంత మిగిలిందో వెళ్ళి చూసొచ్చేది. ఒంట్లో బాగాలేదని నేను దుకాణం తెరవకపోతే నుదురు ముట్టుకుని, అదీ చాలక నాలుక బయటపెట్టమనేది. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు.

ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఆమె రాసిన పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు. అందుకని ఇక్కడ వేస్తున్న అంకెలు జ్ఞాపకం మీద వేస్తున్నవే. ఆ అంకెల్ని ఆమె మా ఇంట్లో ఎన్నిసార్లు పైకి చదివిందంటే, అన్నం వడ్డించే గరిట చప్పుడుతో సహా అవి నాకు గుర్తున్నాయి.

రాయగడ బజారూ బస్టాండు చుట్టుపక్కల వీధులూ ఊడ్చే కాంట్రాక్టు కంపెనీ ఒకటుండేది. అందులో అక్క హాజరు మేస్త్రి. పొద్దున్నే డెబ్భైమంది ఆడవాళ్ళు చలికి చెంగులు ముఖం మీదికి లాక్కుని వరసగా నిలబడితే ఆమె పేర్లు పిలిచేది. ఒకరికి జ్వరం వస్తే వాళ్ళ చెల్లెలో కోడలో చెంగు కప్పుకుని వచ్చి ఆ పేరుకి పలకడం ఆ పనిలో పాత అలవాటు. మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు. అందుకని పేరుని ఎవరో ఒకరు మోస్తూ ఉండాలి. అక్క పేరు పిలిచి ఊరుకునేది కాదు. పది అడుగులు నడవమనేది. ముఖం కప్పుకోవచ్చు, గొంతు మార్చుకోవచ్చు, నడక మాత్రం మారదని ఆమె లెక్క. అయితే, మారు మనిషిని పట్టుకున్నాక వెనక్కి పంపేది కాదు. ఆ మనిషి అసలు పేరు అడిగి, హాజరు పుస్తకంలో పక్కన చిన్న అక్షరాలతో రాసేది. కంపెనీవాళ్ళకి ఆ చిన్న అక్షరాలంటే పడేది కాదు. చాలాసార్లు చెప్పి చూశారు. ఆమె మానలేదు.

బేస్‌బాల్ దగ్గరికి కూడా ఆమె అనుమానంతోనే వచ్చింది. మా అమ్మాయి సుహాసిని తొమ్మిదో తరగతిలో ఉండగా ఆడపిల్లల జట్టులో చేరింది. ఇంత పొడుగు కర్రతో ఆడపిల్లలకి పనేమిటో, ఆ నేర్పేవాడెవడో చూడాలని అక్క గ్రౌండుకి వెళ్ళింది. గోడ మీద కూర్చుని మూడు వారాలు ఊరికే చూసింది. నాలుగో వారం, స్కోరు రాస్తున్న కన్నారావు దగ్గరికి వెళ్ళి ఇద్దరి పేర్లు తారుమారు అయ్యాయని చెప్పింది. కన్నారావు మోటార్లూ స్విచ్చులూ అమ్ముకునే మనిషి, ఆటల కమిటీకి కార్యదర్శి. ఒకటికి రెండుసార్లు చూసుకుని, పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టేశాడు.

"నువ్వే రాయి తల్లీ. నీ సేత తిట్లు తినే కంటే నీకు దండం పెట్టడం సులువు."

అక్క చదివింది ఏడో తరగతి. రూల్సు పుస్తకం ఇంగ్లీషులో ఉంటే సుహాసిని సాయంత్రాలు చదివి అర్థం చెప్పేది. అది చెప్పిన అర్థం మీద కూడా నమ్మకం లేక, మళ్ళీ నన్ను పిలిచి అదే పేజీ చదివించేది.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క మాట. తొమ్మిదిమంది ఒకరి తర్వాత ఒకరు వచ్చి కొట్టాలి. కొట్టినవాళ్ళు బేసులనే మూడు గుర్తులూ చుట్టి, తిరిగి బయల్దేరిన చోటికి చేరితే ఒక పరుగు. ఆ చోటుని ఇల్లు అంటారు. మొదటి ముగ్గురూ చిన్నచిన్నగా కొట్టి ఎలాగో బేసుల మీదికి చేరి నిలబడతారు. నాలుగో మనిషి పెద్దగా కొట్టి వాళ్ళందరినీ ఇంటికి తేవాలి. అందుకే ప్రతి జట్టూ తనలోకెల్లా గట్టి పిల్లని నాలుగో చోట పెడుతుంది. మా సుహాసిని పదో తరగతికి వచ్చేసరికి రాయగడ జట్టుకి నాలుగో మనిషి అయింది.

నాలుగో మనుషుల్ని అందరూ ఒక రకంగా పోల్చేవారు. ఎవరి బంతి దూరం పోయింది, ఎవరి బంతి గోడ దాటింది. అక్క ఈ మాటలు విని మూతి తిప్పుకునేది. బేసుల మీద ఎవరూ లేనప్పుడు గోడ దాటించినా వచ్చేది ఒక్క పరుగే కదా అని ఆమె వాదన. వీధి కుళాయి దగ్గర ఎంతమంది బిందెలు పెట్టుకుని నిలబడ్డారు, అందులో ఎంతమందికి నీళ్ళు అందాయి అన్నదే చూడాలి అనేది. ఆమె పుస్తకంలో నాలుగో మనిషికి వేరే పేజీ ఉండేది. అందులో రెండు గళ్ళు. ఒకటి నిలబడ్డవాళ్ళు, రెండోది ఇంటికొచ్చినవాళ్ళు.

ఆ రెండో గడిలో అంకె వేయించుకోవడం చాలా కష్టం. అవతలి పిల్ల చేతిలోంచి బంతి జారితే అది కొట్టిన మనిషి గొప్ప కాదు, జారవిడిచిన మనిషి తప్పు. ఏది గొప్పో ఏది తప్పో తేల్చేది పుస్తకం రాసే మనిషే. ఒకసారి గుణుపూర్ జట్టు మీద సుహాసిని కొట్టిన బంతికి ఇద్దరు ఇంటికొచ్చారు. గ్రౌండంతా చప్పట్లు. అక్క ఆ ఇద్దరినీ గడిలో వెయ్యలేదు. బంతి ఆ పిల్ల చేతిలో పడి జారిందనీ, తను చూశాననీ చెప్పింది. సుహాసిని రెండు రోజులు మేనత్తతో మాట్లాడలేదు. నాకూ కోపం వచ్చింది. మేనకోడలికి పక్షపాతం చేసిందని ఎవరూ అనకుండా ఉండడానికి, కావాలనే దాన్ని కిందికి తొక్కుతోందని నా అనుమానం.

నాలుగేళ్ళ కిందటి సీజనులో కమిటీ ఒక సంగతి ప్రకటించింది. రాయగడ, గుణుపూర్, లక్ష్మీపూర్, కొరాపుట్, మాచ్‌ఖండ్ ఈ ఐదు జట్లలో ఉన్న నాలుగో మనుషుల్ని సీజనంతా పోల్చి చూసి, అందరిలోకీ మెరుగైన ఒక్కరిని భువనేశ్వర్‌లో జరిగే రాష్ట్ర శిబిరానికి పంపుతారు. పన్నెండు ఆటల్లో కనీసం ఎనిమిది ఆడి ఉండాలి. పోల్చి అంకెలు తేల్చే పని అక్కదే. ఇంకెవరూ అంత ఓపికగా చెయ్యరని అందరికీ తెలుసు. ఆ ఐదుగురిలో ఒకరు ఆమె మేనకోడలని కూడా అందరికీ తెలుసు.

గ్రౌండ్లు ఖాళీగా ఉన్నదాన్ని బట్టి ఆటలు కొన్ని శనివారం, కొన్ని ఆదివారం పడేవి. వేరే ఊళ్ళలో జరిగిన ఆటల స్కోరు కాయితాలకి అక్కడివాళ్ళు ఫొటోలు తీసి నా ఫోనుకి పంపేవారు. అక్క వాటిని కళ్ళద్దాలకి ఆనించి పెట్టుకున్నంత దగ్గరగా చూస్తూ తన పుస్తకంలోకి ఎక్కించేది. సగం సీజను గడిచేసరికి సుహాసిని ముందుంది. ఆ తర్వాత లక్ష్మీపూర్ పిల్ల దగ్గరికి వచ్చేసింది. సుభశ్రీ అని ఆ పిల్ల పేరు.

ఒక రోజు అక్క పుస్తకం పట్టుకుని నా దుకాణానికి వచ్చింది. నోటు పుస్తకాలూ, పరీక్ష అట్టలూ, నాలుగైదు అలమరాల తెలుగు పుస్తకాలూ అమ్ముకునే దుకాణం అది. బల్ల మీద ఉన్నవన్నీ పక్కకి జరిపి సుభశ్రీ పేజీ తెరిచింది.

"ఇది సూడు. ఈ గుంట శనివారం పులి, ఆదివారం పిల్లి."

చూశాను. ప్రతి ఆట పక్కనా వారం పేరు రాసి ఉంది. శనివారాలు ఐదుగురు నిలబడితే ముగ్గురు ఇంటికొచ్చారు, నలుగురుంటే ఇద్దరు వచ్చారు. ఆదివారాలు నలుగురుంటే ఒకరు, ఐదుగురుంటే ఎవరూ లేరు. నేను ఎండ గురించో గ్రౌండు గురించో ఏదో అన్నాను. ఆమె తల అడ్డంగా తిప్పింది. రాయగడకి ఆ జట్టు రెండుసార్లు వచ్చింది, ఒక శనివారం, ఒక ఆదివారం. రెండుసార్లూ నాలుగో నంబరు చొక్కా తొడుక్కుని, హెల్మెట్టు కళ్ళ దాకా దించుకుని ఒక పిల్ల వచ్చి నిలబడింది. శనివారం వచ్చిన పిల్ల ఎడమకాలు వెనక్కి లాగి మడమ నేలలోకి నొక్కింది. ఆదివారం వచ్చిన పిల్ల రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుని, బ్యాటుతో నేలని మూడుసార్లు తట్టింది.

"ఒక మనిషి నిలబడే తీరు రెండు రకాలుగా ఉంటాదేటి?" అంది.

బయటి ఊరినుంచి ఎవరినో పెద్ద పిల్లని తెచ్చి ఆడిస్తున్నారని నాకు ఖాయం అయిపోయింది. లక్ష్మీపూర్ జట్టుకి నేర్పే మేష్టారు సౌమ్యరంజన్ మొదటినుంచీ నాకు నచ్చని మనిషి. మరీ ఎక్కువ నవ్వుతాడు. వెంటనే కన్నారావుకి చెప్పేద్దామన్నాను. అక్క ఒప్పుకోలేదు. తన కళ్ళతో చూడందే అక్షరం రాయనంది.

తర్వాతి ఆదివారం లక్ష్మీపూర్ జట్టుకి కొరాపుట్‌లో ఆట ఉంది. మేమిద్దరం కొరాపుట్ బస్సే ఎక్కాం. నేను ఆట చూడడానికే అనుకున్నాను. అక్క లక్ష్మీపూర్‌లో దిగిపోయింది. ఆట ఆడుతున్న పిల్లని చూస్తే ఏం తెలుస్తుంది, ఆ రోజు ఆడని పిల్లే కదా కావలసింది అంది. ఆదివారం నాడు ఆ చుట్టుపక్కల పిల్లని ఆపేసే పని ఏమై ఉంటుందని అడిగితే, ఆటోవాడు ఆలోచించకుండానే చెప్పాడు. నాలుగైదు కిలోమీటర్ల అవతల వారపు సంత.

సంతలో ఒకటికి రెండుసార్లు తిరిగాం. అల్లం, పసుపు, కంద, ఎండుచేపలు, వెదురు బుట్టలు. పదిహేను పదహారేళ్ళ పిల్లలు ఒక ఇరవైమంది కనబడ్డారు. అందరూ కూర్చునే ఉన్నారు. కూర్చున్న మనిషి నిలబడే తీరు ఎలా తెలుస్తుందని నేను విసుక్కున్నాను. ఇంతలో అల్లం రాసుల వైపు ఒక ఆంబోతు వచ్చింది. క్యాబేజీ గంప మీద మూతి పెట్టింది. పక్కన కూర్చున్న పిల్ల ఒకతి లేచి, డేరా కర్ర ఒకటి ఊడబెరికి, రెండు చేతులతో పట్టుకుంది. ఎడమకాలు వెనక్కి లాగింది. మడమ నేలలోకి నొక్కింది. కర్ర గాలిలో తిరిగిన చప్పుడు మాకు వినబడింది. ఆంబోతుకి తగలలేదు గానీ, అది వచ్చిన దారినే పోయింది.

అక్క వెళ్ళి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని కిలో అల్లం తూచమంది. తూకం చూసుకుంది. సంచీలో పోసుకున్నాక పేరు అడిగింది. లక్ష్మిప్రియ అంది ఆ పిల్ల. అక్క తన బజారు ఒడియాలో, పోయిన నెల శనివారం రాయగడ గ్రౌండులో నువ్వు కొట్టిన బంతికి ముగ్గురు ఇంటికొచ్చారు కదా అంది. పక్కన ఉన్న తల్లి చేతిలో తక్కెడ ఆగిపోయింది. పిల్ల తల దించుకుని, తనని కాదన్నట్టు అల్లం కొమ్ములు సర్దింది. ఎవరైనా అడిగితే సుభశ్రీ అనే చెప్పమన్నారంది.

"ఎవురేటి సెప్పమన్నారని నేనడగలేదు అమ్మీ. బంతి నువ్వు కొట్టినావా, సుభశ్రీ కొట్టిందా?"

ఈ మాట అక్క తెలుగులోనే అంది. ఆ పిల్లకి అర్థమైంది. తలెత్తింది.

"నేనే."

సంగతి చిన్నదే. సుభశ్రీ ఆ పిల్లకి పినతల్లి కూతురు. ఆదివారాలు సంత మానడానికి లక్ష్మిప్రియకి వీల్లేదు. తల్లి ఒక్కతే గంపలు మోసుకురాలేదు. ప్రతి ఆటకీ వస్తామని ఒప్పుకున్నవాళ్ళ పేర్లే జాబితాలో ఇవ్వాలని కమిటీ రూలు. వాళ్ళ జట్టుకి ఉన్న చొక్కాలు తొమ్మిదే. అందుకని సుభశ్రీ పేరు ఇచ్చి, నాలుగో నంబరు చొక్కా ఇద్దరూ వంతులేసుకున్నారు. వాళ్ళ ఊళ్ళో దీన్ని ఎవరూ మోసం అనుకోలేదు. ఇంట్లో ఒకరికి వీలుకాకపోతే ఇంకొకరు వెళ్తారు, అంతే. ఆ సాయంత్రం కొరాపుట్ నుంచి స్కోరు కాయితం నా ఫోనుకి వచ్చింది. నాలుగో నంబరు, సుభశ్రీ. నిలబడ్డవాళ్ళు ఆరుగురు, వచ్చింది ఒకరు.

తిరుగు బస్సులో నాకు లోపల సంతోషంగా ఉంది. దాచుకోవడం ఎందుకు. ఇంక సుహాసినికి అడ్డం లేదు. అక్క అల్లం సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చాలా దూరం వచ్చాక, మా అమ్మ సంగతి ఎత్తింది.

మా అమ్మ సూరమ్మ కూడా ఆ కంపెనీలోనే ఊడ్చేది. నాకు ఆరేళ్ళప్పుడు నడుము పడిపోయి మంచం ఎక్కింది. పేరు కొట్టేస్తారని, పదహారేళ్ళ అక్క చెంగు కప్పుకుని వెళ్ళి సూరమ్మ అన్న పేరుకి పలకడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళు పలికింది. తొమ్మిదేళ్ళలో ఒక్క రోజు కూడా మానలేదని కంపెనీవాళ్ళు మా అమ్మకి సభ పెట్టి స్టీలు పళ్ళెం ఇచ్చారు. అప్పటికి అమ్మ మంచం దిగక ఎన్నేళ్ళైందో. ముఖం మీదికి చెంగు లాక్కుని అక్కే వెళ్ళి తెచ్చింది. పళ్ళెం మీద అమ్మ పేరు చెక్కి ఉంది. ఇప్పటికీ మేం అందులోనే పప్పు వడ్డించుకుంటాం. ఇది మా ఇంట్లో నవ్వుకునే కథ. అమ్మ నవ్వుతూనే చెప్పేది, నేనూ నవ్వుతూనే వినేవాణ్ణి. తర్వాత అక్క తన పేరు మీద పనిలో చేరినప్పుడు కొత్త మనిషిగానే చేరింది. మేస్త్రిని చేసేటప్పుడు కూడా, తనకంటే వెనక వచ్చినవాళ్ళ తర్వాతే ఆమె వంతు వచ్చింది.

"తొమ్మిదేళ్ళు ఊడ్సేను రా గణపతీ," అంది అక్క. "పుస్తకంలో సూసుకో. అమ్మే ఊడ్సింది."

ఆ బస్సులో నేను నవ్వలేదు.

సీజను ముగియడానికి రెండు వారాలుండగా సౌమ్యరంజన్ నా దుకాణానికి వచ్చాడు. సంతలో మమ్మల్ని చూసినవాళ్ళు చెప్పి ఉంటారు. రాయగడలో చదువుకున్న మనిషి, తెలుగు బాగా వచ్చు. ఆ రోజు నవ్వలేదు. అక్కని పిలిపించాను. పుస్తకం ఎలా ఉందో అలాగే వదిలెయ్యమని ఆమెని అడిగాడు. అంకెల ప్రకారం సుభశ్రీకే మొదటి చోటు వస్తుంది. సుభశ్రీ పేరు మీద శిబిరానికి లక్ష్మిప్రియ వెళ్తుంది. పిల్లకి బతుకు దొరుకుతుంది. ఎవరికీ నష్టం లేదు. ఆ మాట అని నా వైపు చూసి ఆగాడు. నష్టం ఎవరికో అతనికీ తెలుసు.

ఆ పిల్ల వెళ్ళాలని అక్కకీ ఉంది. అది నేను చూశాను.

"అక్కడ కూడా సుభశ్రీయేనా మేష్టారూ? మెడలో పతకం ఏస్తే ఎవురి గోడకి తగిలిస్తారు?"

పేరు తర్వాత మార్చుకోవచ్చు దీదీ అన్నాడతను. తర్వాత మార్చరని అక్క చెప్పింది.

సీజను చివర గ్రౌండు పక్క రేకుల షెడ్డులో కమిటీ కూర్చుంది. ఐదు జట్ల మేష్టార్లూ వచ్చారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అక్క పుస్తకం తెరిచి నిలబడి చదివింది. మాచ్‌ఖండ్, నలభై ఐదుగురు నిలబడితే పదకొండుగురు ఇంటికొచ్చారు. గుణుపూర్, యాభై రెండులో పదమూడు. కొరాపుట్, అరవై నాలుగులో పంతొమ్మిది. రాయగడ, సుహాసిని, అరవైలో ఇరవై ఒకటి. కన్నారావు కాగితం మీద గుణించుకుంటున్నాడు. లక్ష్మీపూర్ యాభైలో పంతొమ్మిది అని అతనికి ముందే తెలుసు. నూటికి ముప్పై ఎనిమిది. సుహాసినికి ముప్పై ఐదు.

అక్క ఆ అంకె చదవలేదు. లక్ష్మీపూర్ నాలుగో చోట ఇద్దరు ఆడారంది. సుభశ్రీ, ఆరు ఆటలు, ఇరవై నాలుగులో నాలుగు. లక్ష్మిప్రియ, ఆరు ఆటలు, ఇరవై ఆరులో పదిహేను.

షెడ్డులో ఒక్కసారి గోల లేచింది. సౌమ్యరంజన్ లేచి నిలబడ్డాడు గానీ కాదనలేదు. వంతులేసుకున్న సంగతి ఒప్పుకుని, ఒక్క ప్రశ్న వేశాడు. సీజనంతా రాసిన మనిషికి ఈ సంగతి, తన మేనకోడలు రెండో చోటుకి పడ్డాకే ఎందుకు కనబడింది? అందరూ అక్క వైపు చూశారు. నేను కూడా చూశాను.

కన్నారావు మెల్లగా అన్నాడు. "ఇద్దరికీ ఆరేసి ఆటలైతే ఎనిమిది నిండవు కదా పాపాయమ్మా. మరి నీ మేనకోడలే ఎల్తాది."

"ఎవురెల్తారో మీరు సూసుకోండి. ఎవురు కొట్టేరో నేను రాసేను."

కన్నారావు ఇంకో సంగతి చెప్పాడు. జాబితాలో లేని పిల్ల ఆడితే ఆ అంకెలు చెల్లవు. లక్ష్మిప్రియ పేరున్న ఆరు వరసలూ కొట్టేసి, పక్కన సంతకం పెట్టమన్నాడు. అక్క పుస్తకం మూసింది. కొట్టిన బంతిని కొట్టలేదని రాయనంది. అతను చెయ్యి చాపితే, పుస్తకం సంచీలో వేసుకుని సంచీ చంకన పెట్టుకుంది. కమిటీవాళ్ళు తమ రిజిస్టరులో లక్ష్మీపూర్ ఆటలు రద్దు అని రాసుకున్నారు. అక్క పుస్తకం మాత్రం వాళ్ళకి దక్కలేదు. మరుసటి సీజనునుంచి స్కోరు రాయడానికి ఆమెని పిలవలేదు.

శిబిరానికి సుహాసిని వెళ్ళింది. బజారులో చాలామంది నాతో నవ్వుతూ మాట్లాడారు. మేనత్త ఉంటే చాలు, బ్యాటు అక్కర్లేదన్నాడు మా ఎదుటి దుకాణం మనిషి. సుహాసిని వెళ్ళే ముందు రోజు మేనత్తని, నేను బాగా కొడతానా ఆ పిల్ల బాగా కొడుతుందా అని అడిగింది. అక్క పుస్తకం తెరిచి రెండు పేజీలూ పక్కపక్కన చూపించింది. సుహాసిని చూసి, బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది. పది రోజులకి తిరిగొచ్చింది, చివరి జాబితాలో పేరు రాలేదు. ఇప్పుడు కొరాపుట్‌లో నర్సింగ్ చదువుతోంది. ఆట మానేసింది.

నేను అక్కని అడక్కుండా ఉండలేకపోయాను. ఆ వారంలోనే అడిగాను. సుహాసిని ముందున్నంత కాలం నీకు ఆ అనుమానం ఎందుకు రాలేదని.

"నీకూ అదే అనుకోవాలని ఉందేటి?" అంది.

ఉందన్నాను.

"ఉండనీ," అని, చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపకుండా అంది. "ఊరకే నమ్మీసేవాడివైతే నా తమ్ముడివి కావు."

తప్పో ఒప్పో చెప్పలేదు. ఆ ప్రశ్న అలాగే మా మధ్య మిగిలిపోయింది. తర్వాతి ఏడాది లక్ష్మీపూర్ జాబితాలో లక్ష్మిప్రియ పేరు రాశారనీ, వాళ్ళ ఆటలన్నీ శనివారాలకి మార్చారనీ విన్నాం. అక్క గ్రౌండు గోడ మీద కూర్చుని చూసొచ్చేది. చేతిలో పుస్తకం ఉండేది కాదు. పోయిన వానాకాలం ముగిసే ముందు జ్వరం వచ్చింది. డాక్టరు మామూలు జ్వరమే అన్నాడు. ఆమె నమ్మలేదు. ఆమె అనుమానమే నిజమైంది.

నెల మాసికం అయిన కొన్నాళ్ళకి దుకాణం ముందు ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. నేను గుర్తుపట్టలేదు. ఆమె దుకాణం మెట్టు ఎక్కలేదు. లక్ష్మిప్రియ అని చెప్పింది. గొడవకి వచ్చిందనుకున్నాను. లేదా ఇన్నాళ్ళ తర్వాత మా ఇంటి పేరు మళ్ళీ బజారులో పెట్టడానికి ఎవరో పంపారనుకున్నాను. ఎవరు పంపారని అడిగాను కూడా. ఎవరూ పంపలేదంది. ఆడపిల్లల క్రీడా హాస్టల్లో ఆట నేర్పే సహాయకురాలి పనికి కాయితం పెట్టుకుంటోంది. మూడు సీజన్ల ఆట చూపించాలి. కమిటీ రిజిస్టరులో ఆమెకి రెండే ఉన్నాయి. మొదటిది రద్దు.

"ముసలమ్మ దగ్గర ఇంకో పుస్తకం ఉందని మేష్టారు సెప్పేరు. సింపేసేరా?"

ఇంటికి తీసుకెళ్ళాను. అక్క పెట్టెలో పంచెగుడ్డలో చుట్టి ఉంది. ఆమె పోయాక నేను దాన్ని తెరవలేదు. పేజీ వెతుకుతుంటే వారాల గడి కనబడింది. మొదటి నాలుగు ఆటల పక్కన వారం పేర్లు నీలం సిరాతో ఉన్నాయి, తర్వాతవి నల్ల సిరాతో. ఆ నీలం పెన్ను నేనే ఆ ఏడు దసరాకి ఇచ్చాను, క్రిస్మస్ లోపలే పోగొట్టుకుందని తిట్టాను కూడా. నీలం సిరాతోనే నాలుగో ఆట పక్కన చిన్న అక్షరాలు: "కాలు వేరు. ఎవరో కనుక్కోవాలి." అప్పటికి సుహాసిని అందరికంటే చాలా ముందుంది.

లక్ష్మిప్రియ పుస్తకాన్ని తన వైపు తిప్పుకుంది. తన ఆరు వరసలూ ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ వచ్చింది. మాచ్‌ఖండ్ వరస దగ్గర ఆగింది.

"ఇది తప్పు. ఆ రోజు ఇద్దరు ఇంటికొచ్చేరు. ఒకటే రాసేరు."

ఒకరు అవతలి పిల్ల బంతి జారవిడిస్తే వచ్చి ఉంటారని చెప్పాను. మా అక్క అలాంటివి వెయ్యదు.

"జారలేదు."

నేను దిద్దనన్నాను. ఆమె నా ముఖం వంక కొంచెంసేపు చూసి, సరేనని తల ఊపింది. చేత్తో రాసిన ఈ పుస్తకాన్ని అక్కడివాళ్ళు లెక్కలోకి తీసుకుంటారో లేదో నాకు నమ్మకం లేదు. ఆ మాటే చెప్పాను. తనకీ నమ్మకం లేదంది. ఫొటో తీసుకుంటే సరిపోతుంది కదా అంటే, ఫొటోని వాళ్ళు అసలే నమ్మరంది. పుస్తకం ఇచ్చేశాను. ఇచ్చే ముందు, ఎవరూ పేజీ చింపలేదని చూసుకోవడానికి ఆమె మొదటినుంచి చివరి దాకా పేజీలు లెక్కపెట్టుకుంది. నేను కాదనలేదు.

పంచెగుడ్డతో సహా సంచీలో పెట్టుకుని బయల్దేరింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నడుస్తున్నప్పుడు ఎడమ మడమ కొంచెం గట్టిగా పడుతుంది ఆ అమ్మాయికి. వీధి చివర మలుపు దగ్గర ఆగింది. సంచీ మూతి విప్పి, పుస్తకం ఉందో లేదో చూసుకుని, మళ్ళీ కట్టుకుని, బస్టాండు వైపు తిరిగింది.